‘తాతల నాటి మందే కదా!’... తిప్పతీగ నేర్పిన పాఠం

2020లో కొవిడ్ వచ్చాక మన వంటిళ్లలో మిరియాలు, అల్లం, తులసితోపాటు తిప్పతీగ కూడా మరిగింది. అప్పటిదాకా అది కంచెల మీదా, వేపచెట్ల మీదా తన మానాన తాను పాకిపోయే తీగ. సంస్కృతంలో గుడూచి, అమృత, హిందీలో గిలోయ్ అంటారు. జ్వరాలు, కామెర్లు, మధుమేహం వంటివాటికి ఆయుర్వేదంలో శతాబ్దాలుగా వాడుకలో ఉంది. ‘ఇమ్యూనిటీ పెంచుతుంది’ అన్న మాటతో కొన్ని నెలల్లోనే పొడిగా, మాత్రగా, సీసాలో రసంగా దుకాణాలకు చేరింది. 2020 అక్టోబరులో కేంద్ర ఆయుష్ మంత్రిత్వశాఖ విడుదల చేసిన కొవిడ్ చికిత్సా నియమావళిలోనూ చోటు సంపాదించింది. గుడూచి ఘనవటి 500 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు, 15 రోజులు లేదా నెలపాటు అన్నది అందులోని సూచన.

2021 జులైలో ముంబయి వైద్యులు ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. 2020 సెప్టెంబరు, డిసెంబరు మధ్య కాలేయం దెబ్బతిని తమ దగ్గరికి వచ్చిన ఆరుగురు రోగులు తిప్పతీగ వాడుతున్నారన్నది దాని సారాంశం. ఆయుష్ మంత్రిత్వశాఖ ఘాటుగా స్పందించింది. వాళ్లు తిన్నది అసలైన తిప్పతీగేనని నిర్ధారించారా? దాన్ని పోలిన వేరే తీగ కాదని ఎలా చెప్పగలరు? అని అడిగింది. 2022లో మరింత పెద్ద అధ్యయనం వెలువడింది. దేశంలోని 9 ప్రాంతాల్లో 13 వైద్య కేంద్రాలు కలిసి 43 మంది రోగుల వివరాలను విశ్లేషించాయి. హైదరాబాద్ వైద్యులూ అందులో ఉన్నారు. ఈసారి కూడా వేలు తిప్పతీగ వైపే చూపింది.

అప్పటి నుంచి వాదన రెండు శిబిరాలుగా చీలిపోయింది. ‘తాతల నాటి మందు, హాని చేయదు’ అనేవాళ్లు ఒకవైపు, ‘పసరు మందులన్నీ మోసమే’ అనేవాళ్లు ఇంకోవైపు. ఒక మూలికను పరీక్షించడమంటే ఏమిటో తెలుసుకుంటే ఈ రెండు మాటలూ ఎందుకు నిలవవో అర్థమవుతుంది. ‘మంచిదా, చెడ్డదా’ అన్న ఒక్క ప్రశ్నలో నిజానికి నాలుగైదు వేర్వేరు ప్రశ్నలున్నాయి. ఒకదానికి దొరికిన జవాబు మరోదానికి చెల్లదు.

అనుభవం ఏం చెప్పగలదు?

సంప్రదాయ అనుభవాన్ని తక్కువ చేయనక్కర్లేదు. ఉమ్మెత్త, గన్నేరు విషమని మన పల్లెల్లో పిల్లలకు కూడా తెలుసు. ఏ ప్రయోగశాలా చెప్పకముందే ఆ జ్ఞానం ఉంది. ఎందుకంటే ఆ విషం గంటల్లోనే పనిచేస్తుంది, తిన్నవాళ్లలో ఎక్కువమంది మీద పనిచేస్తుంది. వెంటనే కనిపించే ప్రభావాన్నీ, తరచుగా కనిపించే ప్రభావాన్నీ పట్టుకోవడంలో అనుభవం గట్టిదే.

ఆలస్యంగా వచ్చే హానినీ, అరుదుగా వచ్చే హానినీ అది పట్టుకోలేదు. 2022 అధ్యయనంలో తిప్పతీగ వాడకం మొదలుపెట్టినప్పటి నుంచి లక్షణాలు కనిపించేవరకు గడిచిన మధ్యస్థ కాలం 46 రోజులు. అంటే రోగుల్లో సగంమందికి నెలన్నర తర్వాతే సమస్య బయటపడింది. నెలన్నర కిందట మొదలుపెట్టిన కషాయానికీ, ఇవాళ పచ్చబడిన కళ్లకూ ముడిపెట్టేదెవరు? పైగా కామెర్లకు ఇదే తీగను మందుగా ఇచ్చే సంప్రదాయం ఉన్నచోట ఆ అనుమానం రావడం మరీ కష్టం.

అరుదైన హాని విషయంలో లెక్కలే అడ్డొస్తాయి. ఒక మందు వెయ్యిమందిలో ఒకరికి హాని చేస్తుందనుకుందాం. అలాంటివాళ్లు కనీసం ఒక్కరైనా మన కంటపడే అవకాశం 95 శాతం ఉండాలంటే సుమారు 3,000 మందిని జాగ్రత్తగా గమనించాలి. దీన్నే తిరగేసి చూస్తే, 300 మందికి ఇచ్చాను, ఒక్కరికీ ఏమీ కాలేదు అని ఒక వైద్యుడు నిజాయితీగా చెప్పినా, నూటికి ఒకరికి హాని జరిగే అవకాశాన్ని ఆ అనుభవం కొట్టిపారేయలేదు. రాతపూర్వకమైన రికార్డు లేకుండా, మళ్లీ రాని రోగి ఏమయ్యాడో తెలియకుండా, జ్ఞాపకం మీద నడిచే వైద్యంలో ఇది ఇంకా కష్టం.

ఇంకో సంగతి కూడా ఉంది. కొవిడ్ కాలంలో జనం వాడిన తీరు తాతల నాటిది కాదు. వైద్యుడు నాడి చూసి, రోగాన్ని బట్టి, కొన్నాళ్లకు ఇచ్చే మందు వేరు. ఏ రోగమూ లేనివాళ్లు, రోగం రాకూడదని, ఎవరినీ అడగకుండా, నెలల తరబడి రోజూ మింగే మాత్ర వేరు. పేరు ఒకటే అయినా మోతాదు, కాలం, వాడే మనిషి మారిపోయారు. పాత అనుభవమంతా ఈ కొత్త వాడకానికి పూచీ ఇవ్వలేదు.

ఇంతకీ ఇది ఏ మొక్క?

పరీక్షలో మొదటి మెట్టు మొక్కను గుర్తించడం. ఆయుష్ మంత్రిత్వశాఖ ఎత్తిన అభ్యంతరం న్యాయమైనదే. తిప్పతీగ శాస్త్రీయ నామం టినోస్పోరా కార్డిఫోలియా. దీనికి టినోస్పోరా క్రిస్పా అనే దగ్గరి బంధువు ఉంది. రెండింటి ఆకులూ హృదయాకారంలోనే ఉంటాయి. క్రిస్పా కాండం మీద బుడిపెలు స్పష్టంగా ఉంటాయి. కాండాన్ని ముక్కలు చేసి, ఎండబెట్టి, పొడి కొట్టాక ఆ తేడా కంటికి దొరకదు. అప్పుడు సూక్ష్మదర్శిని కింద కణజాలాన్ని చూడాలి, రసాయనాల ‘వేలిముద్ర’ను పోల్చాలి, అవసరమైతే డీఎన్ఏ పరీక్ష చేయాలి.

మొక్క తారుమారైతే ఏమవుతుందో 1990ల మొదట్లో బెల్జియం చూసింది. బ్రసెల్స్‌లో బరువు తగ్గించే చికిత్స కోసం ఇచ్చిన చైనా మూలికల్లో స్టెఫానియా అనే మొక్కకు బదులు అరిస్టలోకియా చేరింది. చైనా భాషలో రెండింటి పేర్లూ దగ్గరగా ఉండటం ఈ పొరపాటుకు దారితీసింది. వందమందికి పైగా మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. చాలామందికి డయాలసిస్, మూత్రపిండ మార్పిడి తప్పలేదు. తర్వాత కొందరిలో మూత్రనాళ క్యాన్సర్లూ బయటపడ్డాయి. పాముకాటు మందుగా మనదగ్గర పేరున్న ఈశ్వరి తీగ కూడా అరిస్టలోకియా ప్రజాతికి చెందినదే. ఈ మొక్కల్లోని అరిస్టలోకిక్ ఆమ్లం మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ నిర్ధారించింది.

సరైన మొక్కే అయినా పని పూర్తికాదు. లేత కాండమా ముదురుదా, ఏ కాలంలో కోశారు, ఎలా ఆరబెట్టారు, నీటిలో మరిగించారా ఆల్కహాల్‌తో సారం తీశారా అన్నదాన్ని బట్టి లోపలి రసాయనాల పాళ్లు మారతాయి. వేపచెట్టు మీద పాకిన తిప్పతీగే శ్రేష్ఠమని మనవాళ్లు అంటారు. దీన్ని నమ్మాల్సిన పనీ లేదు, నవ్వాల్సిన పనీ లేదు. వేప మీద పెరిగిన తీగనూ, మామిడి మీద పెరిగిన తీగనూ తెచ్చి సారాలను పోల్చి చూస్తే తేలిపోయే విషయం అది.

పొట్లంలో ఇంకేముంది?

రెండో ప్రశ్న కల్తీ, కాలుష్యాల గురించి. 2004లో అమెరికాలోని బోస్టన్ ప్రాంతంలో దక్షిణాసియా వాళ్ల దుకాణాల్లో దొరికే 70 ఆయుర్వేద ఉత్పత్తులను పరీక్షిస్తే 14 ఉత్పత్తుల్లో, అంటే అయిదింట ఒకదానిలో, సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటైనా కనిపించింది. అదే బృందం 2008లో ఇంటర్నెట్‌లో అమ్మే 193 ఉత్పత్తులను పరీక్షించినప్పుడు కూడా నిష్పత్తి దాదాపు అంతే వచ్చింది. కొన్ని రసౌషధాల్లో లోహాలను కావాలనే, శుద్ధిచేసి కలుపుతారు. మరికొన్నిచోట్ల మొక్క పెరిగిన నేల నుంచో, తయారీ పాత్రల నుంచో చేరతాయి. ఇక కీళ్లనొప్పులకూ ఆయాసానికీ ‘మూలికల మందు’ అని ఇచ్చే పొడుల్లో స్టెరాయిడ్లు కలిపే దుర్మార్గం కొత్తది కాదు. రెండు రోజుల్లో నొప్పి మాయమైందంటే రోగి మూలికను మెచ్చుకుంటాడు, పనిచేసింది మాత్రం స్టెరాయిడ్.

కాబట్టి మనిషికి హాని జరిగినప్పుడు కారణం మొక్కా, మొక్కలో కలిసినదా అన్నది వేరుగా తేల్చాలి. మేలు జరిగినప్పుడు కూడా అంతే.

పనిచేసేదేదైనా హానీ చేయగలదు

మూడో మెట్టులో జంతువులపై విషప్రభావ పరీక్షలు చేస్తారు. ఒకేసారి ఎక్కువ మోతాదు ఇచ్చి, ఆపై 28 రోజులు, 90 రోజులు రోజూ ఇచ్చి, కాలేయం, మూత్రపిండాలు, రక్తం ఎలా ఉన్నాయో చూస్తారు. ఇవి అవసరమే. కానీ ప్రయోగశాల ఎలుకలు ఆరోగ్యంగా, ఒకే వయసులో, ఒకే రకం తిండి తింటూ ఉంటాయి. వాటికి షుగరు మాత్రలు లేవు, థైరాయిడ్ లేదు, బయటికి తెలియని కాలేయ జబ్బు లేదు. మనుషుల్లో కొద్దిమంది శరీర తత్వాన్ని బట్టి మాత్రమే వచ్చే హాని ఎలుకల్లో బయటపడదు.

తిప్పతీగ విషయంలో ఇదే కీలకం. 2022 అధ్యయనంలోని రోగుల్లో సగానికి పైగా స్త్రీలు. చాలామందిలో ఆటోఇమ్యూన్ లక్షణాలు, అంటే శరీర రక్షణ వ్యవస్థ సొంత కాలేయం మీదే దాడిచేసే ధోరణి కనిపించింది. లోపల నివురుగప్పిన నిప్పులా ఉన్న అలాంటి జబ్బును తిప్పతీగ రగిలించి ఉండవచ్చని పరిశోధకుల విశ్లేషణ. ఇందులో వింతేమీ లేదు. తిప్పతీగ నిజంగానే రోగనిరోధక వ్యవస్థను ఉత్తేజపరిచేదైతే, ఆ వ్యవస్థ ఇప్పటికే దారితప్పినవాళ్లలో అది కీడు చేయడం ఊహించదగ్గదే. ‘ఇమ్యూనిటీ పెంచుతుంది’, ‘ఎవరికీ ఏ హానీ చేయదు’ అన్న రెండు మాటలూ ఒకే డబ్బా మీద ఇమడవు.

మన సర్పగంధ కథ కూడా ఇదే చెబుతుంది. నిద్రలేమికీ ఉన్మాదానికీ వాడే ఈ వేరు రక్తపోటునూ తగ్గిస్తుందని 1931లో కలకత్తా వైద్యులు గణనాథ్ సేన్, కార్తిక్ చంద్ర బోస్ రాశారు. అదే ఏడాది రసాయన శాస్త్రవేత్త సలీముజ్జమాన్ సిద్దిఖీ ఆ వేరు నుంచి అజ్మలిన్‌ను వేరుచేసిన వివరాలు ప్రచురించారు. ఆయన తర్వాత పాకిస్థాన్‌లో శాస్త్ర పరిశోధనకు పునాదులు వేశారు. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 50 మంది రక్తపోటు రోగుల వివరాలతో బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో పత్రం ప్రచురించాక ప్రపంచం ఇటు చూసింది. 1952లో స్విట్జర్లాండ్ కంపెనీ సీబా శాస్త్రవేత్తలు అందులోని రెసర్పిన్‌ను విడదీశారు. ఆ తర్వాత లక్షలమంది వాడారు. విస్తృతంగా వాడుతూ గమనించినప్పుడే కొందరు రోగుల్లో మనసు కుంగిపోవడం కనిపించింది. అప్పటి నుంచి మోతాదు విషయంలో జాగ్రత్త పెరిగింది. పరీక్ష వల్ల సర్పగంధ పరువు పోలేదు. ఎవరికి ఎంత ఇవ్వాలో, ఎవరికి ఇవ్వకూడదో తెలిసింది.

తగ్గింది సరే, మందు వల్లేనా?

2021 మే నెలలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య మందు కోసం బారులు తీరిన జనాన్ని తెలుగువాళ్లు మరచిపోలేదు. ప్రభుత్వం పంపిణీ ఆపించి, ఆయుర్వేద పరిశోధన సంస్థలతో నివేదికలు తెప్పించుకుంది. మే 31న నోటి ద్వారా తీసుకునే మందుల్లో కొన్నింటికి అనుమతి ఇచ్చి, కంట్లో వేసే చుక్కలను అప్పటికి పక్కనపెట్టింది. హాని కనిపించలేదన్నది ఆ అనుమతికి ఆధారం. కొవిడ్‌ను నయం చేస్తుందని ఆ నివేదికలు నిరూపించలేదు. ఈ రెండింటి మధ్య తేడా ఆనాటి హడావుడిలో చాలామందికి అందలేదు.

శ్రీలంకలోనూ అలాంటిదే జరిగింది. 2020 డిసెంబరులో కేగల్ల ప్రాంతంలో ఒక వ్యక్తి తేనె, జాజికాయలతో చేసిన పానకం కోసం వేలమంది ఎగబడ్డారు. అప్పటి ఆరోగ్య మంత్రి పవిత్రా వన్నియారచ్చి దాన్ని బహిరంగంగానే తాగారు. మరుసటి నెలలో ఆమెకు కొవిడ్ సోకింది.

ఇలాంటి మందులకు సాక్ష్యం చెప్పేవాళ్లు అబద్ధమాడుతున్నారని కాదు. కొవిడ్ సోకినవాళ్లలో అత్యధికులు ఏ మందూ లేకుండానే కోలుకుంటారు. వందమందికి పసరు ఇచ్చినా, పంచదార నీళ్లు ఇచ్చినా తొంభైమందికి పైగా ‘తగ్గింది’ అనే చెబుతారు. తగ్గనివాళ్లు మళ్లీ ఆ వరుసలో కనిపించరు. అందుకే పోల్చడానికి మరో గుంపు కావాలి. ఎవరు ఏ గుంపులోకి వెళ్లాలో వైద్యుడి ఇష్టం మీద కాకుండా చీటీలు తీసినట్టు నిర్ణయించాలి. ఒక గుంపుకు మందు, మరో గుంపుకు అచ్చం దానిలాగే ఉండే ఉత్తుత్తి మందు ఇవ్వాలి. ఇచ్చేవాళ్లకూ, పుచ్చుకునేవాళ్లకూ ఏది ఏదో తెలియకూడదు. తిప్పతీగ చేదు కాబట్టి ఉత్తుత్తి మందూ చేదుగా ఉండాలి, లేకపోతే నాలుకే గుట్టు విప్పేస్తుంది.

ఇలాంటి నిజాయితీ పరీక్షలు మన దేశంలో జరగలేదని కాదు. ఆయుర్వేద పరిశోధన మండలి 1980లో మలేరియా కోసం రూపొందించిన ఆయుష్-64 మాత్రను, వైవాక్స్ మలేరియా రోగుల్లో క్లోరోక్విన్‌తో నేరుగా పోల్చారు. ఫలితాలు 2000లో కరెంట్ సైన్స్ పత్రికలో వచ్చాయి. క్లోరోక్విన్ తీసుకుని పూర్తికాలం పరిశీలనలో ఉన్నవాళ్లందరికీ నయమైంది. ఆయుష్-64 తీసుకున్నవాళ్లలో సుమారు సగం మందికే తగ్గింది. పోల్చి చూడకపోతే ఆ సగాన్నే గొప్ప విజయంగా చెప్పుకునేవాళ్లం. మిగతా సగం రోగుల గతి ఎవరికీ పట్టేది కాదు.

నేరం తిప్పతీగదేనని ఎలా తేల్చారు?

కాలేయం దెబ్బతిన్న రోగి తిప్పతీగ తిన్నాడన్నంత మాత్రాన కారణం అదేనని చెప్పలేం. వైద్యులు ముందు హెపటైటిస్ ఎ, బి, సి, ఇ వైరస్‌లు, మద్యం, పిత్తాశయ రాళ్లు, ఇతర మందులు ఒక్కొక్కటే పరీక్షించి పక్కనపెడతారు. వాడకానికీ లక్షణాలకూ మధ్య వ్యవధి పొసగుతోందా, ఆపేశాక కాలేయ పరీక్షల అంకెలు దిగాయా, పొరపాటున మళ్లీ తింటే జబ్బు తిరగబెట్టిందా అని చూస్తారు. వీటికి మార్కులు వేసే అంతర్జాతీయ పద్ధతి ఉంది. చివరికి ‘ఖాయం’, ‘చాలావరకు అవకాశం’, ‘ఉండవచ్చు’ అని వర్గీకరిస్తారు. 43 మందిలో 67.4 శాతం కేసులు ‘చాలావరకు అవకాశం’ అన్న వర్గంలోకి వచ్చాయి.

ఈ అధ్యయనం చెప్పని విషయమూ ఒకటుంది. తిప్పతీగ వాడిన ఎన్ని లక్షలమందిలో ఈ 43 మంది తేలారు? ఆ హారం లేకుండా ప్రమాదం ఎంతో శాతాల్లో చెప్పలేం. వాడినవాళ్లలో అత్యధికులకు ఏమీ కాలేదన్నది నిజం. కొందరికి ప్రాణం మీదికి వచ్చిందన్నదీ నిజమే. ముందే కాలేయ జబ్బు ఉన్నవాళ్లకు ముప్పు ఎక్కువని మాత్రం అధ్యయనం స్పష్టంగా చెప్పింది.

చట్టం ఎక్కడ ఆగింది?

1964లో చేసిన సవరణతో ఆయుర్వేద, యునాని మందులు ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టం కిందికి వచ్చాయి. ఆ చట్టం మొదటి షెడ్యూల్‌లో ప్రామాణిక గ్రంథాల జాబితా ఉంది. చరక సంహిత, సుశ్రుత సంహితతోపాటు మన తెలుగునేలకు చెందిన బసవరాజీయం కూడా అందులో ఉంది. ఈ గ్రంథాల్లో ఉన్న మందును, అందులో చెప్పిన జబ్బుకే, అందులో చెప్పినట్టే చేసి అమ్మేవాళ్లు కొత్తగా భద్రతా పరీక్షలు చేసి చూపించనక్కర్లేదని 2010లో వచ్చిన 158-బి నిబంధన చెబుతోంది. గ్రంథమే ఆధారం. అనుభవం ఆలస్యపు హానినీ, అరుదైన హానినీ పట్టుకోలేదని పైన చూశాం. ఆ ఖాళీని చట్టమూ పూడ్చలేదు.

మొక్కల సారాన్ని ఆధునిక మందులాగే దశలవారీ పరీక్షలతో అనుమతికి తెచ్చే మరో దారిని 2015లో తెరిచారు. ఇలాంటివాటిని ఫైటోఫార్మాస్యూటికల్స్ అంటారు. సారంలో కనీసం నాలుగు రసాయనాలను గుర్తించి, వాటి పాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఒకేలా ఉన్నాయని చూపాలి. ఇది ఖర్చుతో కూడిన దారి. పేటెంటు దక్కని పాత మూలిక మీద అంత డబ్బు పెట్టే కంపెనీలు తక్కువ. ఆ భారం ప్రభుత్వ పరిశోధన సంస్థలే మోయాలి.

ఆయుష్ మందుల దుష్ప్రభావాలను నమోదు చేయడానికి న్యూఢిల్లీలోని అఖిల భారత ఆయుర్వేద సంస్థ కేంద్రంగా జాతీయ ఫార్మకోవిజిలెన్స్ వ్యవస్థ 2018 నుంచి పనిచేస్తోంది. కానీ ఎవరైనా చెబితేనే కదా నమోదయ్యేది. మూలిక వాడే మనిషి దాన్ని మందుగానే లెక్కపెట్టడు. ఆసుపత్రిలో ‘ఏ మందులు వాడుతున్నారు?’ అని అడిగితే బీపీ మాత్ర పేరు చెబుతాడు, పొద్దున్నే తాగే కషాయం సంగతి గుర్తుకు రాదు.

ఇంట్లో తిప్పతీగ వాడేవాళ్లకు

కాలేయ జబ్బు, థైరాయిడ్, కీళ్లవాతం వంటి ఆటోఇమ్యూన్ సమస్యలు ఉన్నవాళ్లు, అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్లు వైద్యుణ్ని అడగకుండా తిప్పతీగ వాడకూడదు. షుగరుకు మాత్రలు వేసుకునేవాళ్లు కూడా అడగాలి, రెండూ కలిసి చక్కెరను మరీ తగ్గించే అవకాశం ఉంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు నెలల తరబడి రోజూ మింగడానికి తగిన ఆధారం లేదు. ఆకలి మందగించినా, మూత్రం ముదురు పసుపుకు మారినా, కళ్లు పచ్చబడినా వెంటనే ఆపేసి కాలేయ పరీక్ష చేయించుకోవాలి. కామెర్లకు మందని మోతాదు పెంచకూడదు. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు వాడిన పొడి పొట్లాన్నో, సీసానో కూడా తీసుకెళ్లాలి. అందులో ఉన్నది ఏ తీగో తేల్చడానికి వైద్యులకు దొరికే ఆధారం తరచుగా అదొక్కటే.